మూడో అంతస్తుకు టైల్స్, సిమెంటు, సీసం రేకులు ఎట్లా ఎక్కించాలి? ముందు 20 అడుగుల సందు, పైన కరెంటు తీగలు (తిరుపతి, ఆసుపత్రి పని)

తిరుచానూరు_సైటు
సైటు ఇంజనీరుగా చేరి రెండేళ్ళయింది, ఇంత ఇరకాటంలో ఎప్పుడూ పడలేదు. తిరుచానూరు రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక సందులో 40 పడకల ఆసుపత్రి కడుతున్నాం. కింద క్యాజువాలిటీ, ఓపీ. రెండో అంతస్తులో క్యాథ్ ల్యాబ్ (ఎక్స్‌రేతో గుండె రక్తనాళాలు చూసే గది). మూడో అంతస్తులో ఐసీయూ, రెండు ఓటీలు (ఆపరేషన్ థియేటర్లు). గోడలు లేచాయి, ప్లాస్టరింగు సగం అయింది. గోడల పని అయిపోగానే అద్దె దండగని కాంట్రాక్టరు హాయిస్టు (సామాను పైకెక్కించే మిషన్) విప్పించి పంపేశాడు. ఇంకా ఎక్కాల్సిన సామాను: 400 పెట్టెల టైల్స్, 200 మూటల సిమెంటు, మెట్లకూ కౌంటర్లకూ గ్రానైట్, క్యాథ్ ల్యాబ్‌కు ఎక్స్‌రే బయటికి పోకుండా సీసం రేకులు.

సందు 20 అడుగులు. బిల్డింగు ముందరే 11 కేవీ లైను. పోయిన వారం బిగించిన బెడ్ లిఫ్టులో ఎక్కించేద్దాం అంటాడు కాంట్రాక్టరు. ఓనరు డాక్టరుగారేమో ఒక్క రోజు హైడ్రా (చక్రాల క్రేను) పెట్టి కానిచ్చేయమంటారు. ఇంకో పదిమంది ఆడవాళ్ళను పిలిపిస్తే మెట్ల మీద మోసేస్తారని మేస్త్రీ మాట.

అసలు భయం ఇంకొకటి ఉంది. హాయిస్టు పోకముందే 60 మూటల సిమెంటు, 80 పెట్టెల టైల్స్ ఐసీయూ గదిలో నడిమధ్యన పేర్చేశారు. నిన్న కింది అంతస్తులో తలెత్తి చూస్తే సరిగ్గా అదే చోట సన్నటి గీత కనబడింది. వెంట్రుక మందం ఉంటుంది. రాత్రి నిద్ర పట్టలేదు. ఏది ముందు చేయాలి?

గడ్డపార
గీత కనబడినాక ఇంకా ఏది ముందని అడగతా ఉండావా సామీ? ముందు ఆ బరువు దించు. మిగతాది ఎట్ల ఎక్కించేది రేపు మాట్లాడుకుందాం.

స్లాబు_లెక్కలు
గడ్డపార గారి మాటే నాదీ. లెక్క కూడా రాస్తాను, మీ కాంట్రాక్టరు ముందు పెట్టడానికి పనికొస్తుంది.

ఐఎస్ 875 (బిల్డింగు మీద పడే బరువుల ప్రమాణం) రెండో భాగం ప్రకారం ఆసుపత్రి వార్డులకు చదరపు మీటరుకు 200 కిలోల లైవ్ లోడు (మనుషులు, సామాను బరువు) తీసుకుని డిజైను చేస్తాం. ఓటీ, ఎక్స్‌రే గదులకు కనీసం 300, కారిడార్లకు, మెట్లకు కనీసం 400. ఇప్పుడు మీ సిమెంటు సంగతి. మూట 50 కిలోలు. పది మూటలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే 500. అది నిలబడే జాగా చదరపు మీటరులో మూడో వంతు. అంటే మీటరు జాగా మీద 1500 కిలోలు. గది కొలతలెంత?

తిరుచానూరు_సైటు
4 మీటర్లకు 5 మీటర్లు.

స్లాబు_లెక్కలు
20 చదరపు మీటర్లు. గదంతా సమానంగా పరిచినా ఆ స్లాబుకు లెక్కేసిన లైవ్ లోడు 4 టన్నులు. మీరు పెట్టిన సిమెంటు 3 టన్నులు, పెట్టె 28 కిలోల చొప్పున టైల్స్ 2.2 టన్నులు. 5 టన్నులు దాటింది, అదీ నడుమన. స్లాబు వంగేది నడుమనే, పగులు వచ్చేదీ నడుమన అడుగు భాగంలోనే.

రేణిగుంట_88
పిల్లోణ్ణి మరీ భయపెడుతున్నారు. ఫ్లోరింగు ఇంకా వేయలేదు, ఆ బరువు డిజైనులో ఉంటుంది కదా, అది ఇప్పుడు ఖాళీ. పైన 1.5 రెట్ల భద్రత ఎటూ ఉంది. నేను మూడు బిల్డింగులు కట్టించాను, అన్నింటిలో స్లాబుల మీదే సామాను పేర్చాం. వెంట్రుక గీతలు ప్లాస్టరులో రాని ఇల్లు చూపించండి.

స్లాబు_లెక్కలు
ఫ్లోరింగు మాట నిజమే, చదరపు మీటరుకు ఓ 100 కిలోలు కలిసొస్తుంది. ఆ కలుపుకున్నా గది నడుమన గుట్ట పోయడానికి అది అనుమతి కాదు. 1.5 రెట్లు మనం వాడుకోవడానికి పెట్టిన మిగులు కాదు, కాంక్రీటులో లోపం, కమ్మీ జరగడం, లెక్కలో తప్పు, వీటికోసం పెట్టింది. ప్లాస్టరు గీతా కాదా అన్నది చూస్తే తెలిసిపోతుంది. తిరుచానూరు_సైటు, గీత దగ్గర ఒక అంగుళం ప్లాస్టరు చెక్కి లోపల చూడండి. స్లాబు ఎప్పుడు వేశారు, కింద ఆనించిన జాకీలు (ఇనుప ఊతాలు) ఎన్నాళ్ళకు తీశారు?

తిరుచానూరు_సైటు
స్లాబు ఆగస్టులో వేశాం. జాకీలు 14 రోజులకు తీశాం. ఇప్పుడే చెక్కి చూశాను. కాంక్రీటులో కూడా ఉంది.

గడ్డపార
అయ్యో.

స్లాబు_లెక్కలు
కంగారు పడొద్దు, ఇప్పుడే కూలిపోయే గీత కాదు. అడుగున కమ్మీ పని మొదలుపెట్టినప్పుడు కాంక్రీటు కొంచెం విచ్చుకుంటుంది. కానీ ఈరోజే ఈ పని చేయండి. ముందు గీత కింద జాకీలు పెట్టండి, పైకి నెట్టేటట్టు బిగించొద్దు, ఆనుకుంటే చాలు. ఆ జాకీలు రెండో అంతస్తు స్లాబు మీద ఆనుతాయి కాబట్టి దాని కిందా, ఆ కిందా అదే వరసలో నేల దాకా పెట్టాలి. అవి నిలిచాకే పైకి మనుషుల్ని పంపండి. నడుమ నుంచి మూటలు తీసి బీముల పొడుగునా, స్తంభాల పక్కన, మూడు మూటల ఎత్తుకు మించకుండా సర్దండి. అక్కడ పట్టనివి కిందికి. గీత రెండు కొసల్లో పెన్సిలుతో అడ్డంగా గుర్తు పెట్టి తేదీ రాయండి. గుర్తు దాటిందా లేదా అన్నది రోజూ చూడాలి. ఇవన్నీ చేస్తూనే డిజైను చేసిన ఇంజనీరును పిలిపించండి. ఫోనులో ఫోటో పంపి ఊరుకోవద్దు, ఆయన వచ్చి చూడాలి.

తిరుచానూరు_సైటు
జాకీలు సెంట్రింగు వాళ్ళ దగ్గర ఉన్నాయి. ఫోను చేశాను, మధ్యాహ్నానికి వస్తాయి.

లిఫ్టు_మెకానిక్
లిఫ్టు గురించి ఎవరూ ఎత్తలేదు, నేను చెప్తా. బెడ్ లిఫ్టు ఎంత కెపాసిటీ?

తిరుచానూరు_సైటు
20 మంది. 1360 కిలోలు.

లిఫ్టు_మెకానిక్
అప్పగించని లిఫ్టులో ఒక్క టైలు కూడా పెట్టొద్దు. 1360 కిలోలంటే 68 కిలోల మనుషులు 20 మంది, క్యాబిన్ అంతా సర్దుకుని నిలబడినప్పటి లెక్క. టైల్స్ పెట్టెలు ఒక మూల పేరిస్తే క్యాబిన్ ఒక పక్కకు లాగుతుంది, గైడు రైళ్ళు (లిఫ్టు నడిచే పట్టాలు) అరుగుతాయి. కౌంటర్‌వెయిట్ (క్యాబిన్‌కు అవతలి కొసన వేలాడే దిమ్మ) సగం లోడుకు దగ్గరగా తూగేటట్టు పెడతారు, అంతకు మించి బరువు పడితే మోయాల్సింది బ్రేకు. ఆ బ్రేకు, సేఫ్టీ గేరు (లిఫ్టు జారిపోతే పట్టి ఆపేది) ఇంకా టెస్టు కాలేదు మీ దగ్గర. సిమెంటు దుమ్ము తలుపు పట్టాల్లో పడి గట్టిపడితే రేపు స్ట్రెచరు మీద పేషంటును పెట్టినప్పుడు తలుపు సగంలో ఆగుతుంది. నేను ఒక ఊళ్ళో అట్లాంటిది చూశాను, ఏ ఆసుపత్రో చెప్పను. ఆక్సిజను సిలిండరుతో సహా మనిషిని మెట్ల మీద మోసుకుపోయారు.

రేణిగుంట_88
ఈ ఒక్క విషయంలో మీతో నేనూ కలుస్తాను. మా బిల్డింగులో లిఫ్టును అట్లా వాడి, తర్వాత సెన్సార్లు మార్చుకున్నాం.

పుత్తూరు_చిన్నోడు
మా మేస్త్రీ లిఫ్టును "నడిచే గది" అంటాడు, ఎక్కమంటే మాత్రం ఎక్కడు. ఆయనకు నేను ఇప్పుడు దండం పెట్టాలి.

చెన్నై_ట్రెయిలర్
హైడ్రా సంగతి. 14 టన్నుల హైడ్రా అంటే 14 టన్నులు మూడో అంతస్తుకు ఎత్తుతుందని అందరూ అనుకుంటారు. ఆ 14 టన్నులు బండికి ఆనుకుని, బూము (క్రేను చెయ్యి) కురచగా ఉన్నప్పుడు. బూము చాపి దూరం పెరిగేకొద్దీ ఎత్తేది అందులో ఏ కొంచెమో. బండిలో లోడు చార్టు ఉంటుంది, ఆపరేటరును అడిగి చదవండి. చార్టు లేదు అంటే ఆ బండి వద్దు. ముందు వైపు 11 కేవీ తీగలున్నాయన్నారు కదా, ఆ పక్కన బూము లేపే మాటే వద్దు. తీగకు తగలక్కర్లేదు, దగ్గరికి పోయినా కరెంటు దూకుతుంది. కమ్మీల కట్ట గాల్లో తిరిగి తీగకు తగిలి మనుషులు పోయిన సంగతి పేపర్లో ఎన్నిసార్లు చదివాం. తప్పనిసరైతే ఎస్పీడీసీఎల్ (కరెంటు సంస్థ) వాళ్ళకు అర్జీ పెట్టి ఎల్‌సీ (లైన్ క్లియర్, లైను ఆపి పని చేసుకునే అనుమతి) తీసుకోవాలి, లైను ఆపి, ఆపినట్టు వాళ్ళు చెప్పాక మాత్రమే.

తిరుచానూరు_సైటు
ముందు వైపు వద్దు సరే. పక్కన 4 మీటర్ల సెట్‌బ్యాక్ (బిల్డింగు చుట్టూ వదిలే ఖాళీ జాగా) ఉంది, హైడ్రా అందులోకి దూరి వెనక్కు పోతుందని డాక్టరుగారు అంటున్నారు. వెనక తీగలు లేవు.

గడ్డపార
ఆ పక్క సందులో నీళ్ళ సంపు యాడుండాది?

తిరుచానూరు_సైటు
...పక్క సెట్‌బ్యాక్‌లోనే. మూడు మీటర్ల పొడుగు, పైన 5 అంగుళాల స్లాబు. దాని మీద మట్టి పోసి చదును చేశాం, చూసేవాళ్ళకు నేల మాదిరే ఉంటుంది.

గడ్డపార
నేననుకున్నా. హైడ్రా సొంత బరువే పది టన్నులు దాటతాది. 1998లో అనుకుంటా, చిత్తూరులో ఒక కల్యాణ మండపం పని. జల్లి లారీ వెనకటి చక్రం సెప్టిక్ ట్యాంకు మీదికి పోయింది. పలక ఇరిగి లారీ నిలువునా కూర్చునింది. వెనకాల నిలబడి చెయ్యి ఊపతా ఉండే కుర్రోడు నాకు తోడల్లుడి కొడుకు. నడుము దాకా జల్లిలో పూడినాడు, బతికినాడు, కాలు మాత్రం ఈరోజుకీ ఈడ్చతా నడస్తాడు. అప్పటినుంచి ఏ సైటుకు పోయినా నేను మొదట అడిగేది సంపు, ట్యాంకు, కాలవ పలకలు. సుద్దతో గీసి, నాలుగు మూలలా కట్టెలు పాతి ఎర్ర గుడ్డ కట్టు. ఈరోజే కట్టు.

తిరుచానూరు_సైటు
కట్టిస్తున్నానన్నా. అడిగినందుకు నీకు రుణపడి ఉంటా. రేపు ఉదయం 8కి హైడ్రా మాట్లాడి పెట్టారు, ఇప్పుడే ఆపించాను.

చెన్నై_ట్రెయిలర్
రోడ్డు పక్క మురుగు కాలవ పలకలు కూడా చూసుకో తమ్ముడూ. 6 క్యూబిక్ మీటర్ల కాంక్రీటు బండి నిండుగా వస్తే పాతిక టన్నుల పైమాటే. స్లాబుల టైములో ఆ పలకలు ఇప్పటికే చిట్లి ఉంటాయి.

స్లాబు_లెక్కలు
అయితే దారి ఒక్కటే మిగిలింది. హాయిస్టు తిరిగి తెప్పించండి, వెనక వైపు పెట్టండి. దాని కాళ్ళు సంపుకు దూరంగా గట్టి నేల మీద ఉండాలి, ప్రతి అంతస్తులో బిల్డింగుకు కట్టాలి. దాంట్లో మనిషి ఎక్కకూడదు, ఇది బోర్డు రాసి తగిలించండి.

రేణిగుంట_88
అద్దె ఎవరిస్తారు? కాంట్రాక్టరు ఒప్పుకోడు. నా మాట వినండి, 72 మెట్లు, పదిమంది కూలీలు, నాలుగు రోజులు. ఎప్పటినుంచో జరిగేదే. హాయిస్టు అద్దె, బిగింపు, విప్పింపు అన్నీ కలిపితే కూలీ కంటే ఎక్కువవుతుంది.

సత్యవేడు_అమ్మాయి
ఎప్పటినుంచో జరిగేదే అన్న మాటకు జవాబు రాయకుండా ఉండలేకపోతున్నా.

మా అమ్మ 19 ఏళ్ళు తట్ట మోసింది. తిరుపతిలో స్లాబు పని ఉన్న రోజు తెల్లారుజామున 4 గంటలకు బస్సు. మిల్లరు (కాంక్రీటు కలిపే మిషన్) దగ్గర నిలబడి బాండ్లి అందుకుని ఏటవాలు చెక్క మీద ఎక్కేది. మెడ వెనక ఎముక దగ్గర గట్టిగా కాయ కాసి ఉంటుంది, చిన్నప్పుడు తల దువ్వుతూ దాన్ని వేలితో నొక్కేదాన్ని, నొప్పి లేదనేది. ఇప్పుడు 52 ఏళ్ళకు చెయ్యి పైకి లేవదు, జాకెట్టు హుక్కు నేనే పెట్టాలి. నేను ఇప్పుడు సివిల్ డిప్లొమా చేసి సైట్లలోనే పని చేస్తున్నా.

1996 భవన నిర్మాణ కార్మికుల చట్టం కింద 1998లో కేంద్రం నియమాలు పెట్టింది. మగవాళ్ళు ఒంటరిగా మోసే బరువు 55 కిలోలు దాటకూడదని, ఆడవాళ్ళది 30 దాటకూడదని వాటిలో రాశారు. సిమెంటు మూట 50. అంటే ఆ మూట ఏ ఆడమనిషి తలకూ ఎత్తకూడదు. టైల్స్ పెట్టె 28 ఉంది, 30 లోపలే అంటారు. 72 మెట్లు, పెట్టెతో రోజుకు ముప్పై సార్లు ఎక్కి చూడండి, అప్పుడు 28 ఎంతో తెలుస్తుంది. హాయిస్టు అద్దెను కూలీతో పోల్చారు కదా, మా అమ్మ చెయ్యి ఆ లెక్కలో ఎక్కడుంది?

రేణిగుంట_88
అమ్మా, నీ మాట నిజం. నేను డబ్బు వైపు నుంచే చూశాను. మా సైట్లలో మోసినవాళ్ళ పేర్లు కూడా నాకు గుర్తులేవు. తప్పే.

డ్యూటీ_సిస్టర్
చిత్తూరులో ఒక ఆసుపత్రిలో పని చేస్తా. పేషంట్లు ఉండగానే మాకు పక్క బ్లాకు కట్టారు. ఇసుక కుప్ప క్యాజువాలిటీ ర్యాంపు కొసన పోశారు, అంబులెన్సు ఆగే చోట. రాత్రిళ్ళు స్ట్రెచరు చక్రాలు ఇసుకలో దిగబడేవి. ఇంకోటి, దుమ్ము. కూల్చిన గోడ దుమ్ములో ఆస్పర్జిల్లస్ అనే బూజు విత్తనాలు ఉంటాయి, క్యాన్సరు మందులు వాడేవాళ్ళకు, డయాలసిస్ వాళ్ళకు అది ఊపిరితిత్తుల్లో పెరుగుతుంది. మీది కొత్త బిల్డింగు, ఇంకా పేషంట్లు లేరు. కింద ఓపీ ముందే తెరిచేద్దాం అని డాక్టరుగారు అంటే మాత్రం ఒప్పుకోకండి. సామాను దారి, మనుషుల దారి వేరయ్యేదాకా ఆగమని చెప్పండి.

తిరుచానూరు_సైటు
సిస్టర్, సరిగ్గా అదే ఆలోచనలో ఉన్నారు, కార్తీకంలో ఓపీ తెరవాలని. మీ పోస్టు ఆయనకు చూపించాను. చదివి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "పై పనులు అయినాకే" అన్నారు.

పుత్తూరు_చిన్నోడు
కార్తీకమంటే గుర్తొచ్చింది. అమ్మవారి బ్రహ్మోత్సవాలు, పంచమి తీర్థం రోజు ఆ రోడ్డులో చీమ దూరదు. సామాను లారీలు ఆ వారం పెట్టుకోవద్దన్నా.

గడ్డపార
వానలు కూడా అప్పుడే. 2021 నవంబరు మరిచిపోయినారా, తిరుపతి వీధులు ఏరులైనాయి. అసలు 200 మూటలు ఒక్కసారి ఎందుకు తెప్పిస్తా ఉండావు? వారానికి 40, 50 తెప్పించుకో. నిలవుండే కొద్దీ సిమెంటు పట్టు తప్పతాది, తేమ తగిలితే గడ్డ కడతాది. కింద చెక్కలేసి, గోడకు రెండడుగులు ఎడం పెట్టి పేర్చు. అప్పుడు పై స్లాబు మీద గుట్ట పోసే అవసరమే రాదు.

పలమనేరు_రాయి
గ్రానైట్ గురించి. 20 ఎంఎం పలక చదరపు అడుగు 5 కిలోలు. మెట్టు రాయి 5 అడుగులకు అడుగు వెడల్పు అయితే 25 కిలోలు, దాని సంగతి పర్లేదు. కౌంటరు పలక 8 అడుగులకు 2 అడుగులంటే 80 కిలోలు, ఇద్దరు మనుషులు. పడుకోబెట్టి మోస్తే నడుమ విరుగుతుంది, అద్దం మాదిరి నిలువుగా పట్టాలి. దించినాక పలకలు ఎక్కడ ఆనిస్తారు? 4 అంగుళాల ఏఏసీ (తేలికపాటి బ్లాకుల) గోడకు ఆనించొద్దు, గోడతో సహా మనుషుల మీద పడతాయి. స్తంభానికి ఆనించి, కింద రెండు చెక్కలు, పైన తాడు. కాలి మీద పలక పడితే పుత్తూరు కట్టు (విరిగిన ఎముకలకు వేసే నాటు కట్టు) దాకా పోవాల్సిందే, చిన్నోడికి తెలుసు.

పుత్తూరు_చిన్నోడు
మా ఊరు పేరు దానికే తలుస్తారు అందరూ. గిరాకీ మాకు వద్దు, పలకలు జాగ్రత్తగా మోయండి.

లిఫ్టు_మెకానిక్
సీసం రేకులు ఎన్ని ఎంఎం?

తిరుచానూరు_సైటు
2 ఎంఎం. మీటరు వెడల్పు, 3 మీటర్ల పొడుగు చుట్టలు.

సత్యవేడు_అమ్మాయి
సీసం నేను వేయించాను. 2 ఎంఎం రేకు చదరపు మీటరు 22.7 కిలోలు, మీ చుట్ట ఒక్కోటి 68. చిన్నగా కనబడుతుంది కాబట్టి ఒక్కడే భుజానికెత్తుకుంటాడు, అక్కడే నడుం పడుతుంది. చుట్ట లోపలికి పైపు దూర్చి ఇద్దరు చెరో కొస పట్టుకోవాలి. చేతులకు తొడుగులు ఉండాలి, అన్నం తినేముందు సబ్బుతో కడుక్కోవాలి. ఆ చేతులతోనే బీడీ కాల్చేవాళ్ళకు విడమరిచి చెప్పండి, సీసం మెల్లగా ఒంట్లోకి పోయే విషం. రేకు తలుపుకు మేకులతో మాత్రమే వేలాడదీస్తే సొంత బరువుకే జారిపోతుంది, ప్లైవుడ్‌కు అతికించి బిగించాలి.

చెన్నై_ట్రెయిలర్
సీసం సరే, క్యాథ్ ల్యాబ్ మిషన్ రెండో అంతస్తుకు ఏ దారిన వస్తుంది? నేను చెన్నై పోర్టు నుంచి ఎమ్మారై స్కానింగు మిషన్ల మాగ్నెట్లు తోలాను, 1.5 టెస్లా శక్తిది నాలుగైదు టన్నులుంటుంది. సగం చోట్ల మేం వచ్చేసరికి గోడ కట్టేసి ఉంటారు. కొత్తగా పెయింటు వేసిన గోడను మా కళ్ళముందే పగలగొడతారు. మీ మిషన్ అంత బరువు ఉండదు గానీ పెట్టెలు పెద్దవి. కంపెనీ వాళ్ళిచ్చే డ్రాయింగులో పెద్ద పెట్టె కొలత, బరువు, దారికి కావాల్సిన వెడల్పు రాసి ఉంటాయి. తెప్పించావా?

తిరుచానూరు_సైటు
లేదు. ఎవరికీ ఆ ఊహే రాలేదు. రేపు అడుగుతాను.

తిరుచానూరు_సైటు
ఐదు రోజులైంది, జరిగింది రాస్తున్నా.

జాకీలు నేల దాకా నిలిపాం, తర్వాతే ఐసీయూ గది ఖాళీ చేశాం. డిజైను ఇంజనీరు గారు వచ్చి రెండు గంటలు కూర్చున్నారు. గీత రెండు కొసలూ పెన్సిలు గుర్తు దాటలేదు. బరువు తీశాక ఇంకా సన్నబడింది, వెతికితే గానీ కనబడడం లేదు. మూడు వారాలు చూసి నింపే మందు పెడదాం, అప్పటిదాకా జాకీలు కదపొద్దన్నారు.

హాయిస్టు నిన్న వెనక వైపు బిగించారు. అద్దె డాక్టరుగారే ఇస్తున్నారు. సత్యవేడు_అమ్మాయి రాసింది ఆయనకు ఫోనులో చదివి వినిపించాను, ఇంక నేను అడగాల్సిన పని లేకపోయింది. లారీ రోడ్డు మీదే ఆగుతుంది, అక్కడినుంచి తోపుడు ట్రాలీలో పెట్టెలు పదేసి చొప్పున సంపుకు ఎడంగా చెక్కలు పరిచి వెనక్కు తీసుకుపోతున్నాం. ఒక్క రోజులో 110 పెట్టెలు పైకి వెళ్ళాయి, ఎవరి తల మీదా ఎక్కలేదు.

క్యాథ్ ల్యాబ్ డ్రాయింగు వచ్చింది. పెద్ద పెట్టె మా కారిడారు మలుపులో తిరగదు. రెండో అంతస్తు వెనక గోడలో కిటికీ పక్కన 2.4 మీటర్ల మేర కట్టిన గోడ విప్పించేస్తున్నాం, ప్లాస్టరు ఇంకా పడలేదు కాబట్టి బ్లాకులు చాలావరకు తిరిగి పనికొస్తాయి.

చెన్నై_ట్రెయిలర్
గోడ విప్పే ఆ చోట పైన లింటెల్ బీము (పై గోడను మోసే అడ్డ బీము) వేసి విప్పండి, ఊరికే విప్పొద్దు.

తిరుచానూరు_సైటు
ఇంజనీరు గారు వేయమన్నారు. శనివారం వేస్తున్నాం.

గడ్డపార
మూడు వారాలు అయినాక జాకీలు తీసే ముందురోజు ఈడ ఒక మాట రాయి సామీ. తిరుచానూరుకే కదా, నేనొచ్చి నిలబడతా.